సమీక్షలో ఒక వాక్యం

“ఆ ఒక్క వాక్యం తీసెయ్‌రా,” అన్నాడు దర్శకుడు, కుర్చీలో కూర్చోకుండానే.

సమీక్షకుడు కంప్యూటర్ మీద నుంచి తల ఎత్తాడు. పొద్దున తన సమీక్ష వెబ్‌సైట్‌లో వచ్చిన దగ్గర్నుంచీ ఈ రాక కోసం కాచుకునే ఉన్నాడు. చదువుకునే రోజుల్లో ఇద్దరిదీ ఒకే గది. అయినా మొహమాటపడలేదు. స్నేహితుడు తీసిన, మరబొమ్మ మనుషుల్ని చంపే సినిమా మొదటి భాగాన్ని నెత్తిన పెట్టుకున్నవాడే, రెండో భాగాన్ని ఉతికి ఆరేశాడు.

“ఏ వాక్యం? ‘బొమ్మకి బ్యాటరీ అయిపోయింది, కథకి అసలు వెయ్యనేలేదు’ అన్నదా?”

“అది ఉండనీ.”

“‘దర్శకుడు భయపెట్టడం మర్చిపోయాడు’ అన్నదా?”

“అదీ ఉండనీ. నువ్వే కాదు, అందరూ అదే రాశారు.”

సమీక్షకుడికి ఏం చెయ్యాలో తోచలేదు. అరుపులకి సిద్ధపడి కూర్చుంటే ఎదుటివాడు తల దించుకుని నిలబడ్డాడు. పక్క బల్లల వాళ్ళు పనిలో ఉన్నట్టు నటిస్తూ చెవులు ఇటే వేశారు. అతను లేచి, దర్శకుణ్ణి చిన్న గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు. మంచినీళ్ళు ఇస్తే దర్శకుడు గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

“ఇప్పుడు చెప్పు. ఏది తీసెయ్యాలి?”

“నర్సు వేషం వేసిన అమ్మాయి గురించి రాసింది.”

గుర్తుంది. సినిమా మొత్తంలో ఆ అమ్మాయికి ఉన్నది ఒక్క సీను. బొమ్మ మంచం మీద నుంచి లేచి ఆమె గొంతు పట్టుకుని చంపేస్తుంది. ‘చావడం కూడా చేతకాని నటి’ అని రాశాడు. రాస్తున్నప్పుడు తనకే నవ్వొచ్చింది.

“నిన్ను తిట్టినవన్నీ వదిలేసి దాన్ని పట్టుకున్నావేంట్రా? టైటిల్స్‌లో ఆ పిల్ల పేరైనా వెయ్యలేదు కదా.”

“నిర్మాత వెయ్యనివ్వలేదు.”

“చూశావా, ఆయనకీ నచ్చలేదన్నమాట.”

దర్శకుడు గోడకేసి చూశాడు. “వాళ్ళమ్మ పేపర్లూ వెబ్‌సైట్లూ అన్నీ వెతికి చదువుతోందిరా. కూతురి గురించి ఎవరైనా ఒక్క ముక్క రాశారేమోనని. రాసింది నువ్వొక్కడివే.”

సమీక్షకుడి మనసు కాస్త మెత్తబడింది. కానీ ఈ ఒక్కటీ తీసేస్తే రేపట్నుంచి నటీనటుల చుట్టాలంతా తన గుమ్మంలో వరస కడతారు.

“ఒరేయ్, నేను రాసినా రాయకపోయినా హాల్లో జనం ఆ సీనుకి నవ్వారు. నా పక్కన కూర్చున్నావిడ పాప్‌కార్న్ ఒలకబోసుకుని మరీ నవ్వింది. ఇప్పుడు నాలుగు మాటలు పడితేనే తర్వాతి సినిమాకైనా ఆ పిల్ల బాగుపడుతుంది. కావాలంటే నా దగ్గరికి పంపు, కూర్చోబెట్టి నేనే చెప్తాను.”

దర్శకుడు గ్లాసు అలాగే బల్ల మీద పెట్టేశాడు. సమీక్షకుడికి చిరాకేసింది.

“మీరేమో గ్రాఫిక్స్ కాదు, నిజంగా పట్టుకునే ఇనప చేతులు చేయించాం అని ఊరంతా చాటుకున్నారు. సరే, ఒప్పుకున్నాం. అలాంటి చేతులు మెడ మీద బిగుసుకుంటే మనిషి ఎటు చూస్తుంది? బొమ్మకేసి చూడాలి. ఈ పిల్ల కెమెరా పక్కకి చూస్తుంది. ఎంతసేపూ అటే. అక్కడేముంది?”

“నేనున్నాను.”

“నేను చెప్పేదీ అదే. షాట్ మధ్యలో దర్శకుడి మొహం చూసేది నటెలా అవుతుంది? వెంటనే కట్ చెప్పాల్సింది నువ్వు.”

“చెప్పలేదు,” అన్నాడు దర్శకుడు. “బాగా చేస్తోందనుకున్నాను.”

“ఏం బాగు? ఇంకో టేక్ తీసుకోవడానికి ఏమొచ్చింది నీకు?”

“ఇంకో టేక్‌కి ఆ అమ్మాయి మిగల్లేదు.”