అయిదో నక్షత్రం

"అయిదో నక్షత్రం కొట్టేస్తున్నాను ఎరుకమ్మగారూ. నేనెవరో మీరు పసిగట్టేశారు," అన్నాడు జీవరాజు, చేప ముల్లు విస్తరి అంచున పెట్టి.

ఎరుకమ్మ చేతిలో పులుసు గరిటె అలాగే ఆగిపోయింది. "పసిగట్టడమేటి బాబూ? ఇంతకీ తమరెవరు?"

ఎవరంటే ఏం చెప్పాలి? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే ఆయన ఉద్యోగం. విశాఖపట్నంలో ఒక ఆటల పత్రిక కోసం తూర్పు తీరంలోనూ దీవుల్లోనూ గోల్ఫు గ్రౌండులన్నీ తిరుగుతాడు. ఎవరన్నది చెప్పకుండా ఆడతాడు, తింటాడు, వెళ్లిపోయి నక్షత్రాలు వేస్తాడు. అయిదుకి అయిదూ ఇంతవరకు ఎవరికీ వేసిన పాపాన పోలేదు. అండమానులో ఫీనిక్స్ బే రేవులో పడవెక్కి ఈ మారుమూల దీవికి వచ్చింది, మిగిలిన ఈ ఒక్కటీ చూసేసి ఇంటికి పోదామని. ఆ సంగతంతా ఇప్పుడు తన నోటితోనే చెప్పాడు.

విని ఎరుకమ్మ పీట మీద కూలబడింది.

"ఓలమ్మ, ఆ పత్రిక బాబు తమరేనేటి. అయిదూ వొస్తే మా గ్రౌండు ఉంచుతారంట. ఒక్కటి తగ్గినా ప్లాట్లు కోసి ఇచ్చెత్తారంట. పోర్టు బ్లెయిరు ఆఫీసులో మొహం మీదే చెప్పేసినారు బాబూ."

"గ్రౌండుకి నేను వంక పెట్టడం లేదు. దానికి నాలుగూ ఇచ్చేశాను."

ఇవ్వక ఏం చేస్తాడు? ఎటు చూసినా సముద్రం, మధ్యలో మేకలు కొరికి కొరికి సమం చేసిన పచ్చిక. గుంటల చుట్టూ నూనె కలిపి దిమ్మిస కొట్టిన ఇసక, అరచెయ్యంత నునుపు. గుంటల్లో పాతినవి పాత ఓడల జెండాలు. నడిచే దారి పొడుగునా చాతం కలప మిల్లు నుంచి తెచ్చి పరిచిన రంపపు పొట్టు. పెద్ద పెద్ద క్లబ్బుల్లో ఇంత శ్రద్ధ జీవరాజు చూడలేదు. పొద్దున ఆడుతూ, "బంతి ఎండ్రకాయ బొరియలో పడితే ఎలాగ?" అని అడిగాడు. "తప్పు ఎండ్రకాయది బాబూ, మళ్లీ కొట్టండి," అంది ఎరుకమ్మ. అంత న్యాయమైన రూలు ఏ క్లబ్బులోనూ వినలేదు. అప్పుడే ఆయన తన మనసు సగం ఆ గ్రౌండుకి రాసిచ్చేశాడు.

"అయిదోది ఆదరణకి," అన్నాడు జీవరాజు. "ముక్కూ మొహం తెలియని వాణ్ని ఎలా చూస్తారన్న దానికి. మీరేమో నేను పడవ దిగగానే గొడుగు పట్టారు. బొండం కొట్టిచ్చారు. నా బంతి మడ అడవిలో పడితే మోకాటిలోతు బురదలో దిగి తెచ్చారు. ఇప్పుడు చేప తలకాయ నాకు వేశారు. తెలియని వాడికి ఎవరైనా తలకాయ వేస్తారా?"

"పడవ దిగినోడికి ముందు అన్నం పెట్టాల బాబూ. ఈ దీవిలో హోటలుందేటి, సత్రముందేటి? మా అత్త అలాగే పెట్టీది. నేనూ అంతే."

"అందరికీనా?"

"సబ్ కో. ఎవులొచ్చినా."

జీవరాజు నవ్వాడు. ఇలాంటి మాటలు ఆయన ఊరూరా విన్నాడు. అరుగు మీద నులక మంచంలో ఒకాయన మొహాన తువ్వాలు వేసుకుని గుర్రుపెడుతున్నాడు. ఇందాక పక్కనే కూర్చుని తిన్న మనిషి. రెండో తలకాయ ఆయన విస్తట్లోనే పడింది. తమ్ముడో మరిదో అయివుంటాడు.

"చూడండి, ఆయనకి వేశారు, సరే. మీ ఇంటి మనిషి. నాకెందుకు వేశారు?"

ఎరుకమ్మ మంచం వైపు చూసింది.

"నిద్దరోతన్న మనిషి సంగతి మనకెందుకులే బాబూ. నా మాట తమరికి నమ్మకం లేకపోతే నేనేటి చెయ్యగల్ను?" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని గరిటె మళ్లీ పులుసులో ముంచింది. "ఇంకొంచెం ఎయ్యనా?"

జీవరాజుకి జాలేసింది. కానీ రూలు రూలే. చెయ్యి కడుక్కుని, కాగితం మీద అయిదో నక్షత్రాన్ని అడ్డంగా కొట్టేశాడు.

సాయంత్రం పడవకి ఎరుకమ్మ జెట్టీ దాకా వచ్చింది. జీవరాజుకొకటీ, అదే పడవెక్కుతున్న మంచం మీదాయనకొకటీ ఎండుచేపల పొట్లాలు చేతికిచ్చింది. "పదిలంగా వెళ్లండి," అంది. పడవ కదిలాక కూడా జెండాల వైపు మొహం పెట్టి అక్కడే నిలబడి ఉంది.

ఆమె కనబడుతున్నంతసేపూ చూసి జీవరాజు పక్కాయనతో అన్నాడు, "మీ అక్కగారు దొడ్డ మనిషండీ. నన్ను పసిగట్టకుండా ఉంటే అయిదూ వేసేవాణ్ని. నా చేత్తో నేనే కొట్టేయాల్సి వచ్చింది."

"అక్కగారేంటండీ? నిన్న పడవ దిగేదాకా ఆవిడెవరో నాకు తెలీదు."

"మరి అంత మర్యాద? చేప తలకాయ, మంచం, పొట్లం..."

ఆయన సంచిలోంచి చుట్టిన ఇనప టేపు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేను సర్వేయర్నండీ. నక్షత్రం తగ్గితే ప్లాట్లు వెయ్యడానికి గ్రౌండు ముందే కొలవాలని వచ్చానని దిగగానే చెప్పాను. 'ముందు అన్నం తిను భయ్యా' అంది. తిన్నాక, నాకు తోడెవరూ లేరని, ఈ టేపు రెండో కొస ఆవిడే పట్టుకుంది."