రెండో వైరు

"పిల్ల స్కాన్ ఇంకా పోలేదు ఉదయ్! హైదరాబాద్ డాక్టరు గారు మూడుసార్లు ఫోన్ చేసిండ్రు."

నర్సు శోభారాణి గొంతు వరండా అంతా వినిపించింది.

వరంగల్‌లోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల పని ఉదయ్‌ది.

నర్సంపేట దగ్గర బండి మీంచి పడ్డ పదేళ్ల అక్షర లోపల స్పృహ లేకుండా ఉంది. తలకు స్కాన్ తీశారు. అది చూసి ఏం చేయాలో చెప్పాల్సిన డాక్టరు హైదరాబాద్‌లో ఉన్నాడు.

స్కాన్ పంపే లినక్స్ కంప్యూటర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒకదాని వైరు స్కాన్ మిషన్‌కు, రెండోదాని వైరు ఇంటర్నెట్‌కు. ఒక దాంట్లో వచ్చినవి రెండో దాంట్లోంచి బయటికి పోవాలి.

ఉదయ్ సెట్టింగుల ఫైలు తెరిచాడు. రెండు కార్డులకూ గేట్‌వే, అంటే బయటికి పోయే దారి, రాసి ఉంది. బయటికి దారి ఒక్కటే ఉండాలి. మిషన్ వైపుది కొట్టేసి, కార్డులు మళ్లీ ఆన్ చేశాడు.

మొదటిది వచ్చింది.

రెండోది వచ్చి పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది.

విసుక్కుంటూ మెట్ల కింద ఉన్న ఇంటర్నెట్ పెట్టె దగ్గరికి వెళ్లాడు. పక్కనే మరుగుదొడ్లు. ఫినాయిల్‌కు లొంగని కంపు.

పెట్టె ముందు ఎవరో ముసలతను గొంతుక్కూర్చుని ఉన్నాడు. మాసిన పంచె, చొక్కా మీద ఎండిన వాంతి మరక. చెయ్యి పెట్టె లోపల ఉంది.

ఉదయ్ దూరంగానే ఆగి అరిచాడు.

"ఏయ్! చెయ్యి తియ్యి! ఎవడు ముట్టుమన్నడు నిన్ను?"

"వైరు సార్... గిది..."

"నోర్ముయ్! ఛీ, ఏం కంపు ఇది! లే ఇక్కడి నుంచి."

అతను లేచి గోడవారకు జరిగాడు. ఉదయ్ ముక్కు మూసుకుని వైర్లన్నీ ఒకసారి లోపలికి నొక్కాడు. అతను ముట్టిన చోటల్లా శానిటైజర్ కొట్టి తుడిచాడు. తన చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు.

గదిలోకి వచ్చేసరికి రెండో కార్డు మళ్లీ పోయింది.

ఫైలులో అంకెలన్నీ ఇంకోసారి సరిచూశాడు. కార్డు ఆపి, ఆన్ చేశాడు.

ఈసారి నిలిచింది.

స్కాన్ బొమ్మలు ఒక్కొక్కటే కదిలాయి. ఇరవై నిమిషాలు ఉదయ్ తెర మీంచి కళ్లు తిప్పలేదు.

శోభారాణి పరుగున వచ్చింది. "వెంటనే ఆపరేషన్ చెయ్యమన్నరు! పిల్లను థియేటర్‌లకు తీస్కపోయిండ్రు. అంతా నీ పుణ్యమే ఉదయ్!"

ఉదయ్ టీ తాగుదామని బయటికి వచ్చాడు.

మెట్ల కింద మళ్లీ అతనే. చెయ్యి మళ్లీ పెట్టెలోనే.

"పోశయ్యా! ఈ గలీజుగాణ్ని బయటికి నూకు!"

వాచ్‌మన్ పోశయ్య వచ్చాడు. ముసలతని భుజం మీద మెల్లగా చెయ్యి వేశాడు.

"పోయినయా సార్, పిల్ల ఫోటోలు?" ముసలతను అడిగాడు.

"పోయినయ్. నీకెందుకు? నడువు!"

అతను చెయ్యి తీశాడు. పోశయ్య వెంట గేటు వైపు నడిచాడు.

పెట్టెలో ఆకుపచ్చ లైటు ఆరిపోయింది.

ఉదయ్ వంగి చూశాడు. రెండో వైరు చివర క్లిప్పు విరిగి ఉంది. వేలితో నొక్కిపట్టాడు. లైటు వెలిగింది. వదిలాడు. ఆరిపోయింది.

ఇరవై నిమిషాలు!

కడుక్కున్న తన చేతులను చూస్తే తనకే రోత పుట్టింది.

గేటు దాకా పరుగెత్తాడు. అక్కడ పోశయ్య ఒక్కడే ఉన్నాడు.

"ఏడి ఆయన?"

"ఎల్లిపోయిండు సార్, అంబులెన్స్‌ల."

"ఆ పిల్లకు ఏమైతడు? తాతనా?"

"ఆ పిల్లెవరో ఆయనకు ఎరుకనే లేదు. ములుగు దిక్కు మనిషి, పేరు కట్టయ్య."

"మరి ఇంతసేపు ఇక్కడ ఎందుకున్నడు?"

పోశయ్య రోడ్డు వైపు చూస్తూ అన్నాడు:

"పొద్దుగాల సచ్చిపోయిన పెండ్లాన్ని బండ్లె ఎక్కిచ్చినంక, ఆ పిల్ల ఫోటోలు పోయేదాంక జర ఆగుమని డ్రైవర్‌ను బతిమాలుకున్నడు సార్."