చివరి చెయ్యి

మార్చి తొమ్మిదిన మాస్టారి దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. కామా గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టింది. కింద వాచీల రిపేరు కొట్లో ఉన్న భర్తని పైకి పిలిచి మరీ చదివి వినిపించింది.

కామా ఆమె అసలు పేరు కాదు. పద్దెనిమిదేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. ప్రెస్సు మూతపడ్డాక, నలభై దాటిన వయసులో, పట్టుబట్టి కోడు రాయడం నేర్చుకుంది. ఎవరైనా చదవగలిగే, ఎవరైనా దిద్దగలిగే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుంది. దానికి గుండెకాయ లాంటి కెర్నెల్‌లో చుక్క పక్కకు జరిగినా ఈవిడ ఊరుకోదు. అందుకే అక్కడ కోడు రాసేవాళ్ళు ముద్దుగా ఆ పేరు పెట్టారు.

అందులో పాత నెట్‌వర్క్ కార్డుల భాగాన్ని ఇరవై ఏళ్ళుగా మాస్టారే చూసుకుంటున్నారు. ఆ కార్డులు చేసిన కంపెనీలు ఎప్పుడో ఎత్తేశారు. అయినా ఆసుపత్రుల్లో, స్టేషన్లలో ఓ మూలనున్న కంప్యూటర్లు ఇంకా వాటితోనే నడుస్తున్నాయి. ఆ కార్డులతో కెర్నెల్ మాట్లాడాలంటే డ్రైవర్ అనే కోడు కావాలి. అది మాస్టారు స్వయంగా రాసిందే. ఆ భాగం బాధ్యుల జాబితాలో ఆయన పేరొక్కటే ఉంది. దాని కింద తన పేరు కూడా చూసుకోవాలని కామాకి రెండేళ్ళుగా ఒకటే ధ్యాస.

"ఈ ఫైలు చింపిరి జుట్టులా ఉందమ్మా. వరుసలూ ఖాళీలూ సరిచెయ్యి. నీ కన్ను లాంటి కన్ను నాకు దొరకదు. అదయ్యాక జాబితా సంగతి చూద్దాం." ఇదీ ఆ మెయిలు.

తొమ్మిది వందల లైన్లు. కామా వారం రోజులు వంటింటి ముఖం చూడలేదు. ఒక్క అక్షరం కూడా మార్చకుండా ఖాళీలు మాత్రం సర్ది, కింద తన పేరు పెట్టి పంపింది. మాస్టారు ఆ పూటే దాన్ని కెర్నెల్‌లో కలిపేశారు. ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకున్నారు. ఖాళీలు సర్దడం అంత గొప్ప విద్య అయితే ఇంట్లో అలమరా కూడా కాస్త చూడమని భర్త ఆటపట్టించాడు.

జూన్‌లో నెత్తిన పిడుగు పడింది. ఆ డ్రైవర్లో కన్నం ఉందని భద్రతా పరిశోధకులు ప్రకటించారు. బయటి నుంచి వచ్చే సమాచారం ఎంత పొడవుందో చూసుకోకుండా లోపలికి లాక్కునే లైను ఒకటి ఉందట. మాస్టారు మరమ్మతు ఇచ్చారు గానీ, అది వేసుకోని ఓ ఆసుపత్రిలోకి నెట్ మీదుగా దొంగలు దూరారు. రెండు రోజులు అక్కడ కంప్యూటర్లు పనిచెయ్యలేదు. రోగులు గేటు దగ్గర్నుంచే వెనక్కి వెళ్ళారు.

ఇలాంటప్పుడు అందరూ ఒకే కమాండ్ కొడతారు. దాని పేరు బ్లేమ్, అంటే నింద. ఏ లైను మీద చివరి చెయ్యి ఎవరిదో అది చెబుతుంది, జరిపింది ఒక్క ఖాళీయే అయినా సరే. కన్నం ఉన్న లైను పక్కన కామా పేరు వచ్చింది. అంతకు ముందు ఏముందో తవ్వి చూసే ఓపిక ఎవరికుంది? ప్రూఫులు దిద్దుకునే మనిషిని కెర్నెల్‌లోకి ఎవడు రానిచ్చాడని ఒకడు రాశాడు. దానికి మూడు వందల మంది వంత పాడారు.

మాస్టారే ఫోన్ చేశారు.

"ఆ లైను మొదట్నుంచీ ఉందని నువ్వు చెప్పొచ్చమ్మా. చెప్తే నా ఇరవై ఏళ్ళూ మట్టిలో కలుస్తాయి. ఒట్టేసి చెబుతున్నా, ఇన్నేళ్ళూ అది నా కంటికి ఆనలేదు."

"నా కంటికీ ఆనలేదు కదా మాస్టారూ," అంది కామా.

నిజమే కదా అనుకుంది. ఆ లైను మీదుగా తన చూపు వెళ్ళింది. ముందు నాలుగు ఖాళీలు పెట్టి, చక్కగా ఉందని ముచ్చటపడింది కూడా. ఆ సిగ్గు ఆమెను లోపల్లోపల తినేసింది. లైను తన చేతి మీదుగా వెళ్ళిందేననీ, తప్పు తనదేననీ అందరికీ రాసి పక్కకు తప్పుకుంది. కొత్తవాళ్ళని క్షమిద్దామని మాస్టారు దాని కింద ఒక మాట రాశారు. అంత పెద్దమనసుకి అందరూ దణ్ణం పెట్టారు.

ఆగస్టులో బాధ్యుల జాబితాలో మాస్టారి పేరు కింద ఇంకెవరి పేరో చేరింది. కామా ఏడవలేదు. కొట్లో భర్త పక్కన కూర్చుని మాస్టారికి ఉత్తరం మొదలుపెట్టింది. ఆ గడ్డురోజుల్లో తన పక్కన నిలబడింది ఆయనొక్కరేననీ, ఆ మేలు మరిచిపోననీ రాసింది. మరిచిపోననే మాట దగ్గర కామా పెట్టాలా చుక్క పెట్టాలా అని కాసేపు తటపటాయించింది.

పరిశోధకులు తమ పూర్తి నివేదికని ఆ ఉదయమే బయటపెట్టారు. ఏ తేదీన ఏం జరిగిందో వరుసగా పట్టిక వేశారు. భార్య చదవనంటే తనైనా చూద్దామని భర్త తెరిచాడు. కొంతసేపటికి కంటికున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"నీకు ఆ ఫైలు పని చెప్పింది ఏ రోజు?"

"మార్చి తొమ్మిది," అంది కామా, ఉత్తరం మీంచి తలెత్తకుండానే.

భర్త తెర ఆమె వైపు తిప్పి పట్టికలో మొదటి వరుస మీద వేలు పెట్టాడు, అక్కడ ఇలా ఉంది: మార్చి ఆరు, కన్నం ఏ లైనులో ఉందో మాస్టారికి రహస్యంగా తెలియజేశాం, అందిందని ఆయన జవాబిచ్చారు.