గిడియోన్ పేరు మీద ఎవరో

దూలపల్లి చర్చిలో రెండో పాట సగంలో ఉండగా గిడియోన్ కిటికీలోంచి బయటికి చూసి పాట మరిచిపోయాడు.

గేటు అవతల స్కూటరుకు ఆనుకుని ఖాలిక్ నిలబడి ఉన్నాడు. చేతి గడియారం చూసుకుని చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు.

ప్రార్థన అయ్యాక గిడియోన్ గబగబా బయటికి వచ్చాడు. స్కూటరు లేదు.

మేడ్చల్ దగ్గరి ఒక మందుల కంపెనీలో గిడియోన్ సర్వర్ల అడ్మిన్. అక్కడ ఒకే పెద్ద యంత్రం కడుపులో ఇరవై సర్వర్లు నడుస్తాయి. గిడియోన్ పాస్‌వర్డ్ చేతిలో ఉంటే ఇరవయ్యింటినీ నడపొచ్చు, తుడిచెయ్యనూ వచ్చు. లోపలికి ఎవరు ఎప్పుడు వచ్చారో, ఏం చేశారో ఆ యంత్రమే లాగ్‌లో రాసి పెట్టుకుంటుంది.

ఆ లాగ్ చదవడానికి మూడు వారాల కింద పై ఆఫీసు కాంట్రాక్టు మీద పంపిన మనిషి ఖాలిక్. యాభై దాటినవాడు. మాట తక్కువ.

సోమవారం రాగానే గిడియోన్ అడిగేశాడు.

"నిన్న దూలపల్లిల ఏం పని భాయ్ మీకు?"

"చిన్న పనుండె సార్."

"చర్చి ముంగట ఏం పని?"

ఖాలిక్ ఎదురు ప్రశ్న వేశాడు.

"మీ పాస్‌వర్డ్ ఇంకెవరికన్న ఎరుకనా సార్?"

గిడియోన్‌కు ఒళ్లు మండింది. "గది మీకెందుకు?"

మధ్యాహ్నం ఖాలిక్ భోజనానికి లేచాక, గిడియోన్ అతని టేబుల్ దగ్గరికి వెళ్లాడు. లాగ్ కాగితాల నిండా తన పేరు కిందే ఎర్రగీతలు. చివరి గీత, నిన్న పది గంటల పన్నెండు నిమిషాలు.

ఆ వేళకు తను చర్చిలో పాడుతున్నాడు. అంటే తన పేరు మీద ఇంకెవరో లోపలికి వచ్చారు. తను చర్చిలో ఉన్నాడని చూసుకుని మరీ వచ్చారు.

చూసుకున్నది ఎవరో తనకు తెలియదా?

నేరుగా మేనేజర్ రాజారావు గదిలోకి వెళ్లాడు.

"సార్, నా పాస్‌వర్డ్ దొంగల చేతిల పడ్డది. గా ఖాలిక్ నేనెక్కడుంటనో కావలి కాస్తుండు. నిన్న చర్చి ముంగట నా కండ్లతోని చూసిన."

రాజారావు ఎక్కువ ఆలోచించలేదు. "బయటి మనిషి. మనకెందుకు పరేషాన్? పంపిచ్చేద్దాం."

సాయంత్రానికి ఖాలిక్ గేటు పాసు తీసేసుకున్నారు. అతను గొడవ పడలేదు. వెళ్తూ గిడియోన్ దగ్గర ఒక్క నిమిషం ఆగాడు.

"పాస్‌వర్డ్ మారిస్తే సాలదు సార్. మీ పేరుతోనే ఇంకో అడ్మిన్ అకౌంట్ పుట్టించిన్రు. దాన్ని జల్దీ తీసెయ్యున్రి."

ఇది ఇంకో ఉచ్చు అనుకున్నాడు గిడియోన్. పాస్‌వర్డ్ మాత్రం మార్చి ఇంటికి పోయాడు.

గురువారం పొద్దున ఇరవై సర్వర్లలో ఎనిమిది లేవు. ఆరేళ్ల మందుల పరీక్షల రికార్డులు వాటితోపాటే పోయాయి. తుడిచింది కొత్త అకౌంటు. దాన్ని పుట్టించిన పేరు గిడియోన్, వేళ ఆదివారం పది గంటల పన్నెండు నిమిషాలు.

పై ఆఫీసు నుంచి వచ్చిన విచారణ అధికారి ముందు అతను రెండు గంటలు కూర్చున్నాడు. "నేను కాదు సార్, గా టైంకు చర్చిల ఉన్న" అంటే, ఫోన్లోంచి కూడా చెయ్యొచ్చు కదా అన్నాడు అధికారి. రాజారావు తలెత్తలేదు. బయట పోలీసు జీపు వచ్చి ఆగింది.

అధికారి తన సంచీలోని కాగితాలు తిరగేస్తూ ఒక కవరు దగ్గర ఆగి, చింపాడు.

"మంగళవారమే మాకు చేరింది. ఎవరూ విప్పలేదు" అని పైకి చదివాడు.

'గడిచిన రెండు ఆదివారాలు చర్చి వేళలోనే గిడియోన్ గారి పేరుతో ఎవరో సర్వర్లోకి వచ్చారు. అందుకే ఈ ఆదివారం నేనే వెళ్లి చూశాను. పది గంటల పన్నెండు నిమిషాలకు ఆయన రెండు చేతులా పాటల పుస్తకం పట్టుకుని నా కళ్ల ముందు పాట పాడుతున్నారు. దొంగ వేరే. ఈయన్ని అనుమానించవద్దు. ఖాలిక్.'

కాగితం మడిచి కవర్లో పెట్టాడు.

"నువ్వు ఇంటికి పోవచ్చు" అన్నాడు అధికారి.

గిడియోన్ ఇంటికి పోలేదు. శామీర్‌పేటకు పోయాడు. అడుగుతూ అడుగుతూ ఖాలిక్ ఇల్లు పట్టుకునేసరికి పొద్దు వాలుతోంది. తలుపు తీసింది ఆయన భార్య జహేదా.

"భాయ్ ఉన్నరా అమ్మా?"

"పొద్దుగాల్నే నాందేడ్ పోయిండు బేటా. గాడ పని దొరికిందంట. వాపస్ ఎప్పుడొస్తడో ఎరుకలేదు."

"ఆయన పని తీయించింది నేనే."

"ఎరుకే. నీ మీద కోపం లేదన్నడు."

"నా కోసం గంత దూరం ఎందుకొచ్చిండమ్మా? నేనాయనకు ఏమైత?"

జహేదా తలమీది కొంగు సర్దుకుంది.

"ఈయన గూడ నీ లెక్కనే అడ్మినుండె బేటా, ఇంకో కంపెనీల. ఈయన పేరు మీద ఎవరో లోపలికొస్తే ఈయన్నే పట్టుకపోయిన్రు. గా టైంకు మసీదుల నమాజు జేస్తున్న అని ఎంత మొత్తుకున్నా, పోయి చూసినోళ్లు ఒక్కరు లేకపాయె."