పద్నాలుగో బీరువా

"కాళ్లు కడుక్కోకుండ లోపలికి రాకు మొగిలయ్యా. ఇది నీ బీరువాల గది కాదు, కంప్యూటర్ రూము" అన్నాడు సారంగపాణి.

గడప దాటబోయిన లైబ్రరీ అటెండరు మొగిలయ్య అక్కడే ఆగిపోయాడు. "చెప్పులు బయటనే ఇడిసిన గద సారూ."

"చెప్పులకన్న నీ కాళ్లకే ఎక్కువ దుమ్మున్నది. మిషిన్ ఖరాబైతే నీ జీతం జీవితమంత కట్టినా సరిపోదు. అక్కడనే నిలబడు."

హనుమకొండలోని ఆ కాలేజీకి కంప్యూటరు వచ్చి అయిదు నెలలే అయింది. ఎనభై ఎనిమిదిలో అదొక పెద్ద వింత. దానికో గది, గదికి కూలరు, కిటికీలకు పరదాలు. లైబ్రరీ సైన్సు చదివిన సారంగపాణి మూడు నెలలు దాని ముందు కూర్చుని, పాత లైబ్రేరియన్ రాసిపెట్టిన కార్డులు చూసుకుంటూ నాలుగు వేల పుస్తకాల పేర్లూ, అవి ఉండే బీరువాల నెంబర్లూ ఎక్కించాడు. బీరువాల గదిలోకి మాత్రం ఒక్కసారైనా తొంగి చూడలేదు. అయ్యగారికి దుమ్ము పడదు. ఆ లైబ్రేరియన్ రిటైరై మూడేళ్లయింది, కుర్చీ ఖాళీగా ఉంది. ఇవాళ ఈ కంప్యూటరు పనిని పరీక్ష చెయ్యడానికి పై ఆఫీసు నుంచి వచ్చే రాజేశ్వర్ రావు బాగుందని రాసి సంతకం పెడితే ఆ కుర్చీ సారంగపాణిదే.

"సారూ, ఆ పెద్దసారు రాకముందే జర ఒక్క మాట జెప్పాలె. బీరువాలల్ల..."

"నీ మాటలు నాకెందుకు? చీటీ ఇస్త, దాని మీద నెంబరుంటది. పోవాలె, తేవాలె. అంకెలన్న చదవొస్తయా?"

"వస్తయి సారూ" అన్నాడు మొగిలయ్య. ఇరవై ఏడేళ్లుగా ఆ లైబ్రరీలోనే చేస్తున్న మనిషి.

రాజేశ్వర్ రావు వచ్చి కూలరుకు ఎదురుగా కూర్చున్నాడు. "పత్తికి పట్టే పురుగుల మీద ఏమైనా పుస్తకం ఉందా?" అని అడిగాడు.

సారంగపాణి వేళ్లు టకటకలాడాయి. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు వెలిగాయి. "బీరువా తొమ్మిది, అర రెండు. అర నిమిషం కూడా పట్టలేదు సార్" అంటూ చీటీ రాసి గడప అవతలికి చాచాడు.

మొగిలయ్య ఆ చీటీ వైపు చూశాడు, సారంగపాణి మొహం వైపు చూశాడు. "గిది... సారూ..."

"పో."

పోయాడు. పది నిమిషాలకు ఆయాసపడుతూ, ఒక చేత్తో మోకాలు పట్టుకుని పుస్తకం తెచ్చి ఇచ్చాడు. పత్తి పురుగులే.

"చూశారా సార్? మిషిన్‌కు అర నిమిషం, మనిషికి పది నిమిషాలు" అని సారంగపాణి నవ్వాడు.

రాజేశ్వర్ రావు తర్వాత అద్దకం రంగుల మీద అడిగాడు. చెరువుల మీద అడిగాడు. తేనెటీగల మీద, చివరికి గడియారాల రిపేరు మీద కూడా అడిగాడు. ప్రతిసారీ అక్షరాలు వెలగడం, మొగిలయ్య చీటీ పట్టుకుని పోవడం, చెమటలు కక్కుతూ పుస్తకం తేవడం. అయిదుకు అయిదూ దొరికాయి. రాజేశ్వర్ రావు మురిసిపోయాడు.

"భేష్. ఒక్కటీ తప్పలేదు. మరి రిపోర్టులో సిఫారసులు ఏమన్నా రాశారా?"

"రాసిన సార్. చివరి పేజీ" అని సారంగపాణి గొంతు సవరించుకున్నాడు. మొగిలయ్య గడప దగ్గరే ఉన్నాడని తెలిసే, ఇంకాస్త గట్టిగా చదివాడు. "ఏ పుస్తకం ఎక్కడుందో ఇకపై కంప్యూటరే చెప్పును గనుక, పుస్తకములు వెదుకు అటెండరు పోస్టు అనవసరము. దానిని రద్దు చేయవచ్చును."

మొగిలయ్య మొహం చిన్నబోయింది. ఈ పిల్లగాని పరీక్ష పాడు కావద్దని పొద్దటి నుంచి పడ్డ పాట్లన్నీ ఒక్కసారి మోకాళ్లలోకి దిగినట్టయింది.

"గట్లనా సారూ" అన్నాడు. నడుముకున్న తాళాల గుత్తి విప్పి గడప మీద పెట్టాడు. "అయితే ఇగ నాతోటి పనేమున్నది. చాయ్ తాగొస్త." వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

"పోనీ సార్, ఏం ఫికర్ లేదు" అన్నాడు సారంగపాణి.

రాజేశ్వర్ రావు పెన్ను మూత తీసి, ఆగాడు. "ఇంకొక్కటి. ఇది పరీక్ష కోసం కాదు, నా కోసం. రేపు ఖిలా వరంగల్ చూడబోతున్నా. కోట తోరణాల మీద పుస్తకం ఉంటే రాత్రికి చదువుకుంటా."

అక్షరాలు వెలిగాయి. బీరువా పద్నాలుగు, అర మూడు.

"ఇప్పుడే తెస్త సార్."

"పదండి, నేనూ వస్తా. కాస్త నడిచినట్టుంటుంది. సంతకం అక్కడే పెడతా."

ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, సారంగపాణి మొట్టమొదటిసారి బీరువాల గదిలో అడుగుపెట్టాడు. పద్నాలుగో బీరువా తాళం తీసి, పెద్దసారుకు బాగా కనపడాలని రెండు తలుపులూ బార్లా తెరిచాడు.

మూడో అరలో రెండు గాలి పోయిన ఫుట్‌బాళ్లు, ఒక మోకు ఉన్నాయి. రెండో అరలో విరిగిన కుర్చీ కాళ్లున్నాయి. పదమూడో బీరువా తీశాడు, ఖాళీ. తొమ్మిదోది తీశాడు, ఖాళీ. పత్తి పురుగుల పుస్తకం ఉందని మిషిన్ చెప్పిన రెండో అరలో వేలెడు మందాన దుమ్ముంది, దాని మీద ఒక్క వేలి గుర్తు కూడా లేదు.

రాజేశ్వర్ రావు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. కళ్లజోడు సర్దుకుని, పద్నాలుగో బీరువా తలుపు లోపల అంటించి ఉన్న వంకర అక్షరాల కాగితాన్ని మెల్లగా, పైకి చదివాడు.

"నిరుడు వానలకు ఈ రూము కురిసింది. బుక్కులన్ని నేనే మోసి పై అంతస్తుల పెట్టిన. కార్డుల మీద నెంబర్లు తప్పు. ఏది యాడున్నదో మొగిలయ్యను అడుగుండ్రి."