డెల్బర్ట్ బండి మైలేజీ

మా అక్క మొగుడు డెల్బర్ట్‌కీ నాకూ డీజిల్ పికప్‌లున్నాయి. రెంటిలో ఏది మేలన్న గొడవ మాత్రం మా మోంటానాలో మంచు ఎన్నిసార్లు కరిగినా తెగలేదు.

ఆ పొద్దున అతని బండి ఆవులతో నిండిన ట్రైలరును లాగుతూ గుట్ట ఎక్కుతోంది. పక్క సీట్లో నేనున్నాను.

"లాగుతుంది బావా, కాదనను. కానీ ఒట్టి తాగుబోతు. ఇది తాగే డీజిలుతో నాది రెండింతల దూరం పోతుంది."

"పోదూ మరి! నీ వెనకాల ఏముంది, గాలి తప్ప? ఈ మందను తగిలించి ఈ గుట్ట ఎక్కించు, అప్పుడు మాట్లాడు. ఇన్నేళ్లలో ఇది దారిలో ఎక్కడైనా ఆగిందా?"

"ఎందుకాగదూ? ప్రతి బంకు దగ్గరా ఆగుతుంది."

పడీపడీ నవ్వాడు. సంతకు తోలేటప్పుడు మా వైపు ఎవరూ పశువుల మాట ఎత్తరు. బండ్ల గురించే మాట్లాడుకుంటారు. మేమూ అంతే.

ఏటా దూడల్నే అమ్మి తల్లుల్ని ఉంచుకునేవాడు డెల్బర్ట్. మూడేళ్లుగా వాన లేదు, గడ్డి మొలవలేదు. ఈసారి తల్లులూ ఎక్కాయి. ఇదే ఆఖరి విడత. ఆవులు దిగాక, వాటితోపాటే ట్రైలరునూ సంతలోనే అమ్మేశాడు.

తిరుగుదారిలో బండి అదే గుట్టను అవలీలగా ఎక్కేసింది. డెల్బర్ట్ మీటరు మీద వేలు పెట్టాడు.

"చూశావురా బావమరిదీ, మైలేజీ! ఇప్పుడు నీ బండికి ఇదేం తక్కువ?"

పొద్దున అతనన్న మాటే నా నోటిదాకా వచ్చింది: నీ వెనకాల ఏముంది, గాలి తప్ప?

మింగేశాను. "నువ్వే గెలిచావు బావా" అన్నాను.