ఆయన చోటు

బీచ్ రోడ్డు మీద చేపల బజారు ఎదురుగా, నడవలేనివాళ్ల కోసం కేటాయించిన నీలిగీతల పార్కింగ్ చోటు ముందు కనకమాలక్ష్మి కారు ఆపింది. ఆ చోటుకు అడ్డంగా నిలబడ్డ కెమెరా స్తంభం కారులోకి ఒకసారి చూసి, ఎప్పటిలాగే మర్యాదగా పలికింది.

"పైడిరాజు గారు కారులో లేరు. ఈ చోటు వారిది. దయచేసి ముందుకు వెళ్లండి."

ఆ మాట కోసమే ఆమె రోజూ వస్తుంది. ఒకప్పుడు కాళ్లు బాగున్నవాళ్లు కూడా చచ్చిపోయిన తాతల పర్మిట్లు కారుకు తగిలించుకుని తిరిగేవారు. ఈ స్తంభాలు వచ్చాక ఆ ఆటలు సాగడం లేదు. చోటు ఎవరి పేరున ఉందో ఆ నడవలేని మనిషి స్వయంగా కారులో ఉంటేనే అవి కిందికి దిగుతాయి.

భర్త పోయాక ఇంట్లో ఆ పేరు పలికేవాళ్లే లేరు. మొగుణ్ణి పేరుపెట్టి పిలవకూడదని తల్లి చెప్పింది మొదలు, ఆమె నోట అది ఎన్నడూ రాలేదు.

కాపలా చూసే గౌరి దగ్గరికి వచ్చింది.

"పిన్నిగారూ, ఆ వెనక కారులో ఆవిడ చంకకర్రల మనిషండి. ఈ చోటు తనకిమ్మని ఎన్నాళ్లనించో తిరుగుతోంది. ఇంటివాళ్లుగా మీరు ఆయన పేరు చెప్పి, ఇక లేరని స్తంభానికి ఒక్క మాట చెప్తే చాలండి, చోటు వదిలేసి దిగిపోతుంది."

కనకమాలక్ష్మి అద్దంలో చూసింది. కర్రలు ఒళ్లో పెట్టుకుని ఆవిడ ఓపిగ్గా కూర్చుని ఉంది.

"పైడిరాజూ" అంది కనకమాలక్ష్మి. పిలిచినట్టే వచ్చింది ఆ మాట. ఎవరైనా పలుకుతారేమోనని కాసేపు ఆగింది. తరవాత "లేరు" అంది.

స్తంభం మెల్లగా నేలలోకి దిగుతూ, "ఈ చోటు ఖాళీ అయింది" అంది.